దొరవారి కొత్త భుజం

పెద్దక్క దగ్గును చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. దానికి కారణం లేకపోలేదు. ఆ ఇంట్లో దగ్గేవాళ్ళు ఇద్దరు. ఒకరు పెద్దక్క, రెండోవారు దొరవారు. దొరవారంటే బూడిదరంగు ఒళ్ళు, ఎర్ర తోక, లోకంలో ఉన్నవాళ్ళందరూ తన కింద పనివాళ్ళేనన్నట్టు చూసే గుండ్రటి కళ్ళు ఉన్న చిలక. పెద్దక్క కుట్టుమిషను చప్పుడు, ఆవిడ భర్త నడిపే బస్సు హారను, పక్కింటి తలుపు కిర్రుమనడం, ఇలా చెవిన పడినదాన్నల్లా దొర సొంతం చేసుకునేది. పెద్దక్కకు పొడిదగ్గు మొదలయ్యాక కొద్దిరోజులకే దాన్నీ పట్టేసింది. దగ్గే ముందు గొంతు సవరించుకోవడం, దగ్గాక చిన్నగా "అబ్బా" అనుకోవడం, అన్నీ అచ్చుగుద్దినట్టు దించేసింది.

ఇంకేముంది. డ్రైవరుగారు డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఏమోయ్, ఆ దగ్గేంటి?" అని లోపలికి కేకేస్తే, "నేను కాదండీ, దొర" అనేది పెద్దక్క. సగంసార్లు అది నిజమే. మిగతా సగం అబద్ధమని ఆవిడకు తెలుసు. పాత బట్టల కుట్లు విప్పి బిగించే పని తనది, బట్టల నూగు గొంతులో పడి ఉంటుంది, దీనికోసం ఆయన్ని కంగారుపెట్టడం ఎందుకని ఆవిడ ఉద్దేశం. తన రోగాన్ని తీసుకెళ్ళి చిలక ఖాతాలో రాసేయడం చిలకలు పెంచేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాదు.

పెద్దక్క అసలు ఎవరికీ అక్క కాదు. ఆదివారం పొద్దున ఆవిడ దుకాణం ముందుగదిలో చేరే చిలకలవాళ్ళందరికీ అక్క. వారమంతా ప్యాంట్లు పొట్టి చేయడానికి, కోట్లు వదులు చేయడానికి వచ్చే జనంతో నిండే ఆ గది, ఆదివారం పంజరాలతో నిండిపోయేది. పెరిగిన గోళ్ళు కత్తిరించడం, ఊరికి వెళ్ళేవాళ్ళ పక్షిని ఎవరు చూసుకోవాలో తేల్చడం, గింజలు ఎక్కడ మంచివి దొరుకుతాయో పోట్లాడుకోవడం, ఇవీ అక్కడి వ్యవహారాలు. వీధిలోవాళ్ళు దాన్ని చిలకల పార్లమెంటు అనేవారు. పార్లమెంటుకు పెద్ద పెద్దక్కే. మొదట చిలకను తెచ్చింది ఆవిడ, చోటు ఇచ్చింది ఆవిడ, అన్నిటికంటే ముఖ్యంగా ఆవిడ మాటకు ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అట్లాంటి ఒక ఆదివారమే గుట్టు బయటపడింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, చిలకలు అంతకంటే గట్టిగా మాట్లాడుతున్నాయి. మధ్యలో దగ్గు వినపడింది. అలవాటు ప్రకారం అందరూ దొరవైపు చూసి నవ్వారు. ఒక్క లైబ్రరీ అమ్మాయి నవ్వలేదు. ఊళ్ళో లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే పని ఆ అమ్మాయిది. రోజంతా నిశ్శబ్దంలో గడిపీ గడిపీ గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, ఆమె మాట్లాడితే మనుషులు "ఏంటీ?" అని అడిగేవారు, పక్షులు మాత్రం మెడ సాచి వినేవి.

"పెద్దక్కా," అంది ఆ అమ్మాయి. "దొర నీళ్ళు తాగుతున్నాడు. ముక్కు గిన్నెలోనే ఉంది. దగ్గింది మీరు."

గదిలో మనుషులందరూ దొరను వదిలి పెద్దక్క వైపు తిరిగారు. డ్రైవరుగారు భార్య ముఖంలోకి చూశాడు. గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ ఇన్నాళ్ళూ విన్న దగ్గుల్లో ఎన్ని ఎవరివో ఆయన లెక్క వేసుకోబోయి, వేసుకోలేక ఊరుకున్నాడు.

ఆయన వెంటబెట్టుకుని తీసుకెళ్తే, ఆసుపత్రిలో డాక్టరు సిగరెట్లు తాగుతారా అని అడగలేదు. ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి, ఊపిరితిత్తుల మీద మరక చూసి, "ఇంట్లో పక్షులున్నాయా?" అని అడిగింది. ఉన్నాయంటే ఏ రకమని అడిగింది. బూడిదరంగుది అనగానే తల ఊపింది. ఈ రకం చిలకల ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుందట. కొందరి ఊపిరితిత్తులకు అది పడదట. పీల్చినకొద్దీ లోపల గట్టిపడిపోతుందట. పెద్దక్కకు తన కుట్టుబల్ల గుర్తొచ్చింది. నల్లబట్ట పరిచిన ప్రతిసారీ దానిమీద సన్నటి తెల్లపొడి కనిపించేది. బట్టమీద గీతలు గీసే సుద్ద అనుకుని ఇన్నేళ్ళూ అరచేత్తో దులిపేసింది. పైగా దులిపి, ఉఫ్ అని ఊదేది.

మూతికి గుడ్డ కట్టి చూసింది. గాలి శుభ్రం చేసే మిషను తెచ్చి పెట్టుకుంది. దొరను వెనకవైపు వసారాలోకి మార్చింది. మళ్ళీ ఫిల్ము తీస్తే మరక ఇంకొంచెం పెద్దదైంది. "ఇప్పటికి పోయినది పోయింది," అంది డాక్టరు. "మిగిలింది కాపాడుకోవాలంటే చిలకా మీరూ ఒక కప్పు కింద ఉండకూడదు. ఇందులో బేరం లేదు."

పెద్దక్క బేరం ఆడలేదు. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుని, సగంలో ఆపిన కోటు చేయి కుట్టడం పూర్తిచేసి, అప్పుడు భర్తతో చెప్పింది.

"నేనూ బతకాలి, వాడూ బతకాలి. రెండూ ఒకే ఇంట్లో కుదరవు. వాడికి ఇల్లు చూడాలి."

డ్రైవరుగారికీ దొరకూ మొదటిరోజు నుంచీ పడేది కాదు. వచ్చిన పూటే ఆయన చెవి తమ్మె కొరికింది. ఆయన కూడా ఆ పక్షిని పేరుపెట్టి పిలవడం మానేసి "మీ వాడు" అనడం మొదలుపెట్టాడు. ఈ కబురు వినగానే, "పోనీలే, పీడ వదిలింది" అని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చాలాసేపు కుళాయి మోగుతూనే ఉంది. బయటికి వచ్చాక చూస్తే ఒంటిమీద చుక్క నీళ్ళు లేవు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

సంగతి తెలిసిన ఆదివారం పార్లమెంటు అట్టుడికిపోయింది. మాకివ్వండంటే మాకివ్వండన్నారు. అందరికంటే ముందు లేచినవాడు డ్రైవింగ్ మాస్టారు. కారు నేర్పే బడి నడుపుతాడు, కాబట్టి ప్రపంచంలో ప్రతివాళ్ళూ తన పక్కసీట్లో కూర్చుని బండి నేర్చుకుంటున్నారని ఆయన నమ్మకం. ఆయన దగ్గర ఒక పచ్చ చిలక ఉంది, పేరు మేనేజరు.

"నా దగ్గరైతే క్రమశిక్షణలో ఉంటాడు పెద్దక్కా," అన్నాడు మాస్టారు.

"మీ మేనేజరు గొంతు విని మా వీధి కుక్కలే పారిపోతాయి. దొర అక్కడ వారం ఉండడు," అంది పెద్దక్క.

అలా ఒక్కొక్కళ్ళనీ తీసేసుకుంటూ వచ్చింది. ఒకళ్ళింట్లో పిల్లి, ఇంకొకళ్ళింట్లో వంటగదిలో పొగ, మరొకళ్ళు నెలలో సగంరోజులు ప్రయాణాల్లో ఉంటారు. చివరికి గోడ పక్కన నుంచి ఏదో గొణిగినట్టు వినపడింది. మనుషులెవరికీ అర్థం కాలేదు. పంజరాల్లో ఉన్నవన్నీ ఆ వైపు మెడలు సాచాయి. దొర కూడా సాచింది. పెద్దక్క చూసింది ఆ మెడనే.

"మళ్ళీ చెప్పు అమ్మాయ్."

"నేను తీసుకుంటాను అన్నాను," అంది లైబ్రరీ అమ్మాయి. పక్కవీధిలో మేడమీద తల్లితో ఉంటోంది. ఇంట్లో పిట్టలంటే అరచేతిలో పట్టే బుల్లివి రెండు.

"వాడు కరుస్తాడు."

"తెలుసు."

"కరిచినప్పుడు కెవ్వుమంటే వాడికి అదొక ఆట. మళ్ళీ మళ్ళీ కరుస్తాడు. నోరు మూసుకుని ఉండగలవా?"

"నా ఉద్యోగమే అది కదా పెద్దక్కా."

ఆ రోజు నుంచీ లైబ్రరీ మూసేశాక ఆ అమ్మాయి పెద్దక్క పెరట్లోకి వచ్చి కూర్చునేది. పెద్దక్క మూతికి గుడ్డ, తలకు గుడ్డ కట్టుకుని, గాలి వాటం చూసుకుని దూరంగా కుర్చీ వేసుకునేది. ఎడమ భుజం కాదు కుడి భుజం, గింజ చూపించాక చేయి వెనక్కి తీయకు, రెక్కలు దులిపితే కోపం కాదు, మెడ ఈకలు నిక్కబొడిస్తేనే కోపం. తనకు తెలిసిందంతా చెప్పింది. దొర తన పద్ధతి ప్రకారం ఆ అమ్మాయి వేళ్ళు వరసగా రుచి చూసింది. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, నోరు మాత్రం పెగిలేది కాదు. ఆ పట్టీలేంటని లైబ్రరీలో అడిగినవాళ్ళకు కాగితం కోసుకుందని చెప్పేది. పెద్దక్క కుర్చీ రోజుకి కొంచెం వెనక్కి జరిగింది. జరిగినప్పుడల్లా దొర అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసేది. చివరికి ఒక సాయంత్రం పెద్దక్క కుర్చీ వంటింటి గడప లోపలికి వెళ్ళిపోయింది. దొర అమ్మాయి భుజం దిగలేదు.

ఇక్కడ ఈ చిలకలవాళ్ళ కట్టుబాటు ఒకటి చెప్పాలి. "ఒకటే భుజం" అంటారు దాన్ని. పక్షి చేతులు మారిందంటే పాతవాళ్ళు మళ్ళీ దాని కంట పడకూడదు, గొంతు వినిపించకూడదు. అది కొత్తచోట కుదురుకున్నాక, కొత్తవాళ్ళే వచ్చి చూడండని పిలవాలి. ఈ కట్టుబాటు పెట్టిందీ పెద్దక్కే. చెప్పుల కొట్టాయన ఒకసారి తన చిలకను బావమరిదికి ఇచ్చాడు. ఇచ్చాడే గాని ఉండబట్టలేక రోజు మార్చి రోజు చూడటానికి వెళ్ళేవాడు. ఆయన వచ్చి వెళ్ళినప్పుడల్లా అది గుమ్మంవైపు చూస్తూ కూర్చుని తన ఈకలు తనే పీక్కుంది. రొమ్మంతా బోసిపోయి, చలికి వణుకుతూ, ఎవరి దగ్గరా తినక చచ్చిపోయింది. ఆ రోజు పెద్దక్క ఆయన్ని అందరిముందూ కడిగేసింది. "నీ బెంగ తీర్చుకోవడానికి దాని ప్రాణం తీశావు" అంది. ఆయన ఆ మాటకు తల ఎత్తలేదు. అంత మాట అన్న మనిషి ఇప్పుడు తన వంతు వస్తే సడలితే ఎలా?

సడలలేదు. దొరను తన చేత్తోనే ఆ అమ్మాయి తెచ్చిన పంజరంలోకి ఎక్కించి, గుడ్డ కప్పి, వెళ్ళిరా అని గానీ వెళ్ళు అని గానీ ఒక్క మాట అనకుండా లోపలికి వచ్చేసింది. మర్నాటి నుంచి గోడలు కడిగించింది, తెరలు ఉతికింది, మిషను సందుల్లో పొడి తడిగుడ్డతో తుడిచింది. ఇల్లు బోసిగా అయిపోయింది. డ్రైవరుగారు సాయంత్రం గుమ్మంలో నిలబడి "ఏమోయ్" అని పిలిచి, అలవాటుగా ఒక్క క్షణం ఆగేవాడు. ఇదివరకు ఆయన పిలుపు వెంటనే ఆయన గొంతుతోనే ఇంకో "ఏమోయ్" వచ్చేది. ఇప్పుడు రాదు. ఆయన బూట్లు విప్పుకుని లోపలికి వచ్చేవాడు.

పెద్దక్క దగ్గు నెమ్మదిగా తగ్గుముఖం పట్టింది. ఆవిడ మనసు కూడా కుదుటపడుతోందనుకునే వేళకు, ఒక సాయంత్రం మిషను తొక్కుతుండగా, బయట ఎక్కడో ఎత్తు నుంచి వినపడింది.

"ఏమోయ్."

డ్రైవరుగారు లోపలిగదిలో పడుకుని ఉన్నాడు. పెద్దక్క కాలు మిషను మీద ఆగిపోయింది. మళ్ళీ వినపడింది, ఇంకొంచెం గారంగా, చివర సాగదీసి. ఆవిడ లేచింది. వీధి తలుపు వైపు పరుగులాంటి నడక నడిచింది. నడిచి, ఆ తలుపుకు గడియ పెట్టింది. కిటికీ రెక్కలు మూసింది. ముందుగది షట్టరు కిందికి లాగింది. అప్పుడే ఫోను మోగింది.

"పెద్దక్కా, దొర..." లైబ్రరీ అమ్మాయి గొంతు వణుకుతోంది. "అమ్మ ఆరేసిన బట్టలు తీద్దామని వసారా తలుపు తీసింది. సరిగ్గా అప్పుడే కింద లారీ టైరు పేలింది. నా భుజం మీంచి ఎగిరిపోయాడు. మీ ఎదురు మేడ మీద, నీళ్ళ ట్యాంకు పైన కూర్చున్నాడు. నేను కింద ఉన్నాను."

దారి తెలిసి వచ్చిందో, గాలి తోస్తే వచ్చిందో దొరవారినే అడగాలి. వచ్చి కూర్చున్నది మాత్రం పెద్దక్క దుకాణం కనిపించేచోట.

క్షణాల్లో వీధి నిండింది. చిలకలవాళ్ళకు కబురు ఎలా అందుతుందో గాని, అందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టు వచ్చేశారు. ఒకళ్ళు గింజల డబ్బా మోగిస్తున్నారు, ఒకళ్ళు ఈల వేస్తున్నారు. ఇంకొకావిడ తన చిలకను తెచ్చి పైకెత్తి చూపిస్తోంది. అది భయపడి అరిస్తే పైనున్న దొర ట్యాంకు అవతలి అంచుకు జరిగింది. డ్రైవింగ్ మాస్టారు రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. "రైటుకి రా, రైటుకి. మెల్లిగా. కంగారు పడకు."

దొర ఆయన్ని ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

మాస్టారు వచ్చి షట్టరు తట్టాడు. "పెద్దక్కా, బయటికొచ్చి ఒక్క కేక వెయ్యండి చాలు. వాడు పిలిచేది మిమ్మల్నే. దిగొస్తాడు."

"దిగొస్తే?" అంది పెద్దక్క లోపలి నుంచి, గొంతు తగ్గించి.

"దిగొస్తే ఏంటి, దొరికినట్టే కదా."

"ఎవరికి దొరికినట్టు? ఇవాళ నా భుజం మీద వాలితే, రేపు మళ్ళీ పీకి ఎవరు తీసుకెళ్తారు? పిలిస్తే నేను వస్తానని వాడికి తెలిసిపోతుంది. ఇంక ఆ పిల్ల ముఖం చూడడు. తలుపు సందు దొరికినప్పుడల్లా ఇక్కడికే వస్తాడు. దొరక్కపోతే ఈకలు పీక్కుంటాడు."

"ముందు ఈ పూట గడవాలి కదండీ. చీకటి పడితే ఎటు పోతాడో ఏమో. పైన గద్దలు తిరుగుతున్నాయి."

"తలుపులు మూసుకున్నా నాకు చెవులున్నాయి మాస్టారూ. కింద మీరందరూ అరుస్తుంటే వాడు ఎలా దిగుతాడు? ముందు అందరూ వెళ్ళిపోండి."

జనంలో ఎవరో "ఎంత రాతిగుండె" అన్నారు. లోపలికి వినపడేలాగే అన్నారు. అప్పుడు చెప్పుల కొట్టాయన ముందుకు వచ్చాడు. ఆయన ఆ గుమ్మం తొక్కి చాలాకాలమైంది.

"ఆవిడ చెప్పింది చెయ్యండి," అన్నాడు. "ఒకప్పుడు నేను వినలేదు. ఏమైందో మీరంతా చూశారు. పదండి, పదండి." మాస్టారు భుజం మీద చేయి వేసి మలుపు దాకా నడిపించుకుపోయాడు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ వెనకాలే వెళ్ళారు.

పెద్దక్క ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుంది. "వింటున్నావా అమ్మాయ్? ఇంట్లో పెరిగిన పక్షికి పైకి ఎగరడం దానంతటదే వస్తుంది. అంత ఎత్తు నుంచి కిందికి దిగడం రాదు, ఎప్పుడూ దిగలేదు కాబట్టి. అందుకే భయపడతాడు. నువ్వే వాడి ఎత్తుకు వెళ్ళు. ఆ మేడ కాపలాదారు నాకు తెలుసు, నా పేరు చెప్పి డాబా తాళం అడుగు. చిన్న పంజరం వెంట తీసుకెళ్ళు, దూరంగా పెట్టు. వాడివైపు నడవకు."

ఆ అమ్మాయి ఎక్కింది. వేరుశనగలు చూపించింది. పెద్దక్క నేర్పిన ఈల వేసింది. పిట్టగోడ పక్కన కుడి భుజం ఇటు తిప్పి నిలబడింది. దొర ఒక్కదానికీ లొంగలేదు.

"నావైపు చూడటం లేదు పెద్దక్కా. మీ కిటికీ వైపే చూస్తున్నాడు." కాసేపటికి మళ్ళీ, "కాకులు వస్తున్నాయి. ఒకటి వాడి మీదకి దూకింది. పెద్దక్కా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి కిటికీలోంచి కనిపించండి. మాట్లాడకండి, కనిపించండి చాలు."

పెద్దక్క తన కుర్చీని కిటికీకి ఇంకా దూరంగా లాక్కుంది. డ్రైవరుగారు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నీకసలు మనసుందా?" అన్నాడు. ఆవిడతో ఆయన ఎప్పుడూ అలా మాట్లాడి ఎరగడు. "వాడు చస్తే ఏం చేస్తావు? పోనీ నేను వెళ్తా. వాడిది నా గొంతే కదా, నేను పిలుస్తా."

"మీరు పిలిస్తే ట్యాంకు మీంచి ఆకాశంలోకి పోతాడు," అంది పెద్దక్క.

"ఏమోయ్," అంది దొర పైనుంచి. భోజనం అయ్యాక ఆవిడ జాకెట్టు గుండీ నములుతూ పిలిచే పిలుపు అది. ఆ పిలుపుకు ఆవిడ జవాబివ్వని రోజు లేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. చేతికి అందిన కోటు, ఎవరిదో ఏమో, దాని చేతిని నోట్లో కుక్కుకుని పళ్ళతో నొక్కిపట్టింది. కాళ్ళు ఆగలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. బతుకులో ఏదీ ఇంతగా కావాలనిపించలేదు ఆవిడకు. తలుపు తీస్తే చాలు, ఆ బరువు వచ్చి భుజం మీద వాలుతుంది, ఆ వేడి మెడకు తగులుతుంది. డాక్టరు మాట, కట్టుబాటు, ఈ వీధి, అన్నీ ఏమైనా కానీ అనిపించింది. గడియ సగం జరిగింది కూడా.

ఆ తర్వాత ఆవిడకు ఇంకో సంగతి తోచింది. ఇప్పుడు వాడు పిలిస్తే తను పలుకుతుంది సరే. వచ్చే ఏడు పిలిచినప్పుడు పలికే ఊపిరి తనకుంటుందా? వాడి ఆయుష్షు ఇంకా ఎంతో ఉంది. తను లేని రోజున వాడు ఏ ట్యాంకు ఎక్కి ఎవర్ని పిలుస్తాడు? గడియ మళ్ళీ బిగించింది. వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ చెయ్యి లేవకుండా ఒంటికింద పెట్టుకుంది. కన్నీళ్ళు గడ్డం దాకా కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు.

"పెద్దక్కా," అంది ఫోన్లో అమ్మాయి. ఈసారి గొంతులో వణుకు లేదు. "నేను పెట్టేస్తున్నాను. నాకొకటి తెలుసు."

"ఏం తెలుసు?"

ఫోను ఆగిపోయింది. పెద్దక్కకు మొదట వచ్చింది కోపం. తనకు తెలిసిందంతా చెప్పేసింది కదా, ఇంకా ఈ పిల్లకు కొత్తగా తెలిసేది ఏముంది? నిన్నగాక మొన్న తీసుకెళ్ళింది.

డ్రైవరుగారు షట్టరు సందుకు కన్ను ఆనించాడు. "కూర్చుంది," అన్నాడు. "డాబా అంచున, పిట్టగోడ కమ్మీల వెనకాల చతికిలబడి కూర్చుంది. వాడికి వీపు పెట్టి."

"వీపు పెట్టా?"

"సంచిలోంచి పేపరు తీసింది. ఇదేం చదివే వేళ? ఆగు. చదవడం లేదు. చింపుతోంది."

"ఏం చింపుతోంది?"

"పేపరే. పొడుగ్గా పీలికలు పీలికలుగా. మెల్లిగా, చప్పుడయ్యేలా."

పుస్తకంలో పేజీ మూల మడిచినందుకు మనుషుల్ని నిలబెట్టి అడిగే పిల్ల అది. పెద్దక్కకు ఏమీ అర్థం కాలేదు. పైనుంచి మళ్ళీ పిలుపు మొదలైంది. "ఏమో..." దగ్గర ఆగిపోయింది. తర్వాత రాలేదు. పెద్దక్క చెవులు రిక్కించింది. కాకులు అరుస్తున్నాయి, ఎక్కడో బండి వెళ్తోంది, తనకు కావలసిన గొంతు మాత్రం లేదు.

"మెడ తిప్పాడు," అన్నాడు డ్రైవరుగారు.

"ఎటు?"

"ఆ పిల్ల వైపు. ఒక అడుగు పక్కకి వేశాడు. ట్యాంకు అంచుకు వచ్చాడు. ఆ పిల్ల అసలు తల తిప్పడం లేదు, చింపుకుంటూనే ఉంది." ఆయన అరచేతులు కూడా షట్టరుకు ఆనించాడు. "ఎగిరాడు."

"ఎక్కడికి? ఏవండీ, ఎక్కడికి?"

"పిట్టగోడ మీదకి. ఇదిగో, కాగితం లాక్కున్నాడు. ఒళ్ళోకి దిగాడు. ఇంకో కాగితం లాక్కున్నాడు. తిడుతున్నాడో ఏంటో, ఈకలన్నీ పొంగించాడు." కన్ను తుడుచుకుని మళ్ళీ సందుకు ఆనించాడు. "భుజం ఎక్కాడు. కుడి భుజమే. ఆ పిల్ల ఇప్పుడు ఏడుస్తోంది. పంజరంలోకి పెట్టింది."

ఆయన షట్టరు పైకి లాగబోయాడు.

"తీయకండి," అంది పెద్దక్క. "వాళ్ళు కిందికి దిగి మలుపు తిరగాలి. ఆ తర్వాత తీద్దురుగాని."

షట్టరు తీసేసరికి ఎదురు మేడ మీద ఎవరూ లేరు. ఇంకొంచెం సేపటికి ఫోను మోగింది. ఇంటికి చేరామని, తలుపులన్నీ వేశామని, గింజలు తింటున్నాడని చెప్పింది అమ్మాయి.

"ఆ కాగితం సంగతేంటి?" అంది పెద్దక్క.

"పంజరం అడుగున పాత పేపరు పరుస్తుంటే వచ్చి లాక్కున్నాడు పెద్దక్కా, మా ఇంటికి వచ్చిన కొత్తల్లోనే. ఇప్పుడు రోజూ అదే ఆట. నేను ఒక్కదాన్నే చింపుకుంటే అసలు ఊరుకోడు, ఎక్కడున్నా వచ్చి లాక్కుంటాడు. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

"తెలియదు," అంది పెద్దక్క.

ఆవిడ ఇంట్లో పంజరం అడుగున ఎప్పుడూ మిగిలిన గుడ్డముక్కలే పరిచేది. ఇన్నేళ్ళలో దొర ఒక్క కాగితం ముట్టలేదు. ఫోను పెట్టేసి, బల్లమీద తల ఆనించి, గట్టిగా ఏడ్చింది. తనకు తెలియని అలవాటు ఒకటి దానికి వచ్చింది. తనను పిలుస్తూ పిలుస్తూ, మధ్యలో ఆ పిలుపు వదిలేసి దానికోసం వెళ్ళింది. ఇదే కావాలని కదా ఇంత చేసింది. అయినా గుండె కోసినట్టుంది. సంతోషం కూడా ఉంది, అది అబద్ధం కాదు. డ్రైవరుగారు ఏం చెయ్యాలో తెలియక ఆవిడ వీపు నిమురుతూ నిలబడ్డాడు.

ఏడుపు తీరాక ఆవిడ ముఖం కడుక్కుని వచ్చింది. పళ్ళతో నొక్కిన కోటు చేయి వెలుతురుకు పెట్టి చూసింది. మరక పడలేదు. ఇస్త్రీ చేస్తే సరిపోతుంది.

"అటక మీద పాత పేపర్లు ఉన్నాయి కదా," అంది. "అన్నీ దించి కట్ట కట్టండి. రేపు డ్యూటీకి వెళ్తూ ఆ పిల్ల పనిచేసే లైబ్రరీలో ఇచ్చేయండి. ఇంటికి వెళ్ళకండి, మీ గొంతు వింటాడు."

"అన్నీనా? ఇవాళ్టిది నేనింకా చదవలేదు."

"రేపట్నుంచి పొద్దున్నే చదివేయండి," అంది పెద్దక్క, మిషను ముందు కూర్చుంటూ.